చెడ్డ అర్థమున్న పేరు

ఇది నేను ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి మొదటి కారణం, నాకు చాలాకాలం అక్షరాలు రాలేదు. మా అమ్మ వెంట పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగుకి వెళ్లడం మొదలుపెట్టేనాటికి నాకింకా పాలపళ్లు ఊడలేదు. బడి ఆ దారిలోనే ఉండేది. పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే వింటూ నడిచేదాన్ని. అందుకే ఎక్కాలు వచ్చు, అంకెలు రాయడం రాదు. యాభై దాటాక, న్యూజెర్సీలో గుడి బేస్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతుంటే, వాళ్ల బూట్లు చూస్తుంటానని చెప్పి వెనక కుర్చీలో కూర్చునేదాన్ని. ఒక ఏడేళ్ల పిల్ల నా పలక తొంగి చూసి, "ఆంటీ, రాంగ్. దానికి కొమ్ము అటువైపు కాదు" అనేది. అలా వచ్చాయి అక్షరాలు.

రెండో కారణం మా బావ. మేనత్త కొడుకు. నేను పుట్టిన రోజునే నన్ను ఆయనకని అనుకున్నారు. ఆయన ఇంజనీరు చదివి అమెరికా వచ్చి కూడా ఆ మాట తప్పలేదు. "అక్షరం ముక్క రాని పిల్లని ఎలా చేసుకున్నావురా" అని స్నేహితులు నా ముందే అడిగితే, "దూరంగా ఉంటే కదా ఉత్తరాలు రాయాలి" అనేవాడు. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ మా పాప మాట ఇంట్లో ఎత్తలేదు. ఆయన ఎదురుగా కూర్చుని రాయడమంటే ఎత్తినట్టే. ఇప్పుడు ఆయన లేరు.

ఇందులో ఎవరి పేరూ రాయను, మా పాప పేరు తప్ప.

డెబ్బైల చివర మేం న్యూజెర్సీలోనే పార్సిప్పనీ అనే ఊళ్లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నాకప్పటికే ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఇద్దరూ మన ఊళ్లోనే పుట్టారు, ఇద్దరూ బారసాల దాకా రాలేదు. పేర్లు పెట్టకముందే పోయారు కాబట్టి వాళ్లను తలుచుకోవాలంటే "పెద్దాడు", "రెండోది" అనుకోవాలి. అంతకంటే ఏమీ లేదు. ఆ తర్వాతే బావ నన్ను ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఇక్కడి డాక్టర్ల మీద ఆయనకు నమ్మకం. మూడోసారి కడుపుతో ఉన్నాను.

మా కింద వాటాలో ఒక ఐరిష్ ముసలావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఐర్లండ్‌లో పడమటి సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. ఆవిణ్ని ఏమని పిలవాలో తెలియక మామ్మా అన్నాను. వాళ్ల ఊళ్లో అమ్మను మామ్ అంటారట. నా నోట ఆ పిలుపు వినగానే మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి నేను ఆవిడకు కావలసినదాన్ని అయ్యాను. ఆవిడ ఇంగ్లీషు అమెరికావాళ్లకే సరిగా అర్థమయ్యేది కాదు. కిరాణా షాపు కౌంటర్ దగ్గర అమ్మాయి నన్నూ ఆవిణ్నీ ఒకేలాగా "పార్డన్?" అని అడిగేది. మేమిద్దరం మాత్రం బాగానే మాట్లాడుకునేవాళ్లం. సగం మాటలు, సగం చేతులు. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

బట్టలు ఉతికే గది బేస్‌మెంట్‌లో ఉండేది. మెషిన్ తిరుగుతున్నంతసేపూ అక్కడ బెంచీ మీద కూర్చోవాలి. కడుపుతో ఉన్న మనిషి కనిపిస్తే చాలు, మామ్మకు పేర్ల మీదికి పోయేది మనసు. ఈ దేశంలో అందరికీ అవే నాలుగు పేర్లని ఆవిడకు చిరాకు. పిలిస్తే వీధిలో సగం మంది ఆడపిల్లలు తిరిగి చూస్తారని విసుక్కునేది. తమ వైపు పాతపేర్లు చెప్పేది, ఒక్కొక్కటీ నోట్లో తిప్పి రుచి చూసినట్టు.

"నీవ్. అంటే వెలుగు."

"చిన్నగా ఉంది. బాగుంది."

"ఫినూలా. తెల్లటి భుజాల పిల్ల."

"మా పిల్లకి ఆ పేరు పెడితే నవ్విపోతారు మామ్మా. నన్ను చూడు, మా బావను చూడు."

"అయితే కీరా. నల్లపిల్ల అని."

మీలోనూ నల్లమ్మలున్నారా అని అడిగాను. ఉన్నారంది. ఎత్నా అని ఒక పేరు, దానికి గింజలోపలి పప్పు అని అర్థం. వినగానే మా వీధిలో పప్పమ్మ గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. మేవ్ అనే పేరుకు మత్తెక్కించేది అని అర్థమట.

"ఆడపిల్లకి కల్లుకుండ పేరు పెడతారా?"

"రాణుల పేరది, తెలుసా" అని కోపం నటించింది. "కల్లుకుండంత విలువ ఉన్న మగాణ్ని ఒక్కణ్ని చూపించు ముందు."

ఈఫా అంటే అందం. కీవా అంటే మెత్తని మనసు. సేర్షా అంటే స్వేచ్ఛ, అది మాత్రం ఈ మధ్య కాలంలో పుట్టిన పేరని తేలిగ్గా తీసేసింది. అన్నీ విన్నాను. చివరికి ఒకరోజు, మెషిన్ ఆగిపోయాక కూడా లేవకుండా, నాకు కావలసింది అడిగాను.

"మీ పేర్లలో చెడ్డ అర్థమున్నది ఉందా?"

ఆవిడ నా వంక చూసింది. నాకు తెలిసిన ఇంగ్లీషంతా పోగుచేసి చెప్పాను. మా వైపు పిల్లలు దక్కనివాళ్లు పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. ఇంకొకావిడ వచ్చి గుప్పెడు తవుడు పోసి కొనుక్కుంటుంది. మళ్లీ కన్నతల్లికే పెంచమని ఇస్తుంది. ఆ బిడ్డకు తవిటమ్మ అనో, పెంటమ్మ అనో పేరు పెడతారు. పారేసిన బిడ్డ, పేరు కూడా చెత్త పేరు, ఇలాంటిదాన్ని ఎవడు తీసుకుపోతాడులే అని మృత్యువు పక్కింటికి పోతుంది.

ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మా ఊళ్లో మగపిల్లలకు గౌన్లు తొడిగేవాళ్లం" అంది. "పదేళ్లు వచ్చేదాకా. గుట్టల్లో కంటికి కనపడకుండా ఉండేవాళ్లు మగపిల్లల్ని ఎత్తుకుపోతారు. గౌను చూసి ఆడపిల్లేలే అని వదిలేస్తారు."

"ఆడపిల్లల్ని ఎత్తుకుపోరా?"

"ఆడపిల్ల ఎవరికి కావాలి?"

ఇద్దరం నవ్వాం. మరి ఆడపిల్లలు పోకుండా మీవాళ్లు ఏం చేసేవాళ్లని అడిగాను. ఏమీ చేసేవాళ్లు కాదంది. ఆవిడ చెల్లెళ్లిద్దరు అలాగే పోయారట.

ఆరిపోయిన బట్టలన్నీ మడత పెట్టాక అప్పుడు చెప్పింది. "బ్రోనా. అంటే దుఃఖం. దుఃఖంలో ఉన్నది అని."

ఇంటికొచ్చి బావకు చెప్పాను. అంతకుముందు పెంటమ్మ అందామంటే ఆయన ఒప్పుకోలేదు. "ఈ దేశంలోనా? స్కూల్లో టీచర్ అటెండెన్స్ తీసుకుంటూ పెంటమ్మా అని పిలవాలా? పెద్దయ్యాక అర్థం అడిగితే నువ్వు చెప్తావా?" అన్నాడు. బ్రోనా అనేసరికి ఒకసారి తనలో తను అనుకుని చూశాడు.

"వినడానికి బాగానే ఉంది. ఇక్కడివాళ్లకి పలకడం కూడా ఈజీ" అన్నాడు. తర్వాత, "మరి ఆ దుఃఖం అన్న అర్థం పైవాడికి తెలుస్తుందంటావా? అది ఐరిష్ కదా" అని ఎగతాళి చేశాడు.

"యముడికి అన్ని భాషలూ వచ్చు బావా. ఇరుగుపొరుగుకే రావు. మనకి కావలసింది అదే కదా."

"అమ్మో, నీకు చదువు రాకపోవడమే మంచిదైంది" అన్నాడు.

వేసవిలో పాప పుట్టింది. హాస్పిటల్‌లో నర్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పేరు అడిగేది. ఇరవై ఒకటో రోజు దాకా మేం పేరు పెట్టం అని బావ చెబితే, ఈ బిడ్డను వదిలేసి పోయేవాళ్లలా ఉన్నారే అన్నట్టు చూసింది. చేతికి కట్టిన పట్టీ మీద ఆడపిల్ల అని మాత్రం రాసి పంపారు.

ఈసారి బారసాల దాకా వచ్చాం. నాకదే పెద్ద సంగతి. ఆ రోజు పొద్దున చేట లేక ప్లాస్టిక్ బట్టలబుట్టలో పాత చీర పరిచి పాపను పడుకోబెట్టాం. పెంటకుప్ప లేక అపార్ట్‌మెంట్ వెనక చెత్త వేసే పెద్ద ఇనప తొట్టి పక్కన పెట్టాం. బావ చుట్టూ చూస్తూ చెమటలు కక్కుతున్నాడు. "ఎవరైనా చూసి పోలీసులకు ఫోన్ చేస్తే నువ్వే చెప్పుకో. నాకీ ఆచారాలేవీ తెలియవంటాను" అన్నాడు. నేను బుట్టకు చెయ్యి దూరంలోనే ఉన్నాను. అంతకంటే వెనక్కి జరగలేకపోయాను.

మామ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నెలో తవుడు. ఈ దేశంలో తవుడు మనుషులు పాలల్లో వేసుకుని తింటారు, అజీర్తికి మంచిదట. ఆవిడ వంటింట్లో అట్టపెట్టె ఎప్పుడూ ఉండేది. నేర్పినట్టే అడిగింది.

"ఈ పిల్ల ఎవరిది?"

"ఎవరిదీ కాదు" అనాలి నేను. బావే అన్నాడు, ఇంగ్లీషులో, నేల చూస్తూ.

"అయితే నేను కొనుక్కుంటున్నాను" అని మామ్మ గిన్నెలో తవుడు నా దోసిట్లో పోసి బుట్ట ఎత్తుకుంది. అంతవరకూ మేం అనుకున్నట్టే జరిగింది. అక్కడే నా చేతికి ఇచ్చేయాలి. ఆవిడ ఇవ్వలేదు. మెట్లెక్కి తన ఇంట్లోకి తీసుకుపోయి, కుర్చీలో కూర్చుని, కాసేపు ఒళ్లో పెట్టుకుంది. మేం గుమ్మంలో నిలబడ్డాం. ఆ తర్వాత లేచి వచ్చి పాపను నాకిస్తూ, "నా పిల్ల. నీ దగ్గర పెంపకానికి ఇస్తున్నాను. సరిగా చూడు" అంది. ఆవిడ ఆట ఆడటం లేదని నాకప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం పళ్లెంలో బియ్యం పోసి బావ ఉంగరంతో పేరు రాశాడు. నాకు అది చదవడం రాదు. గింజల మధ్య గీతలు మాత్రం చూశాను. పాప చెవిలో మూడుసార్లు పిలిచాను. బ్రోనా.

రెండో నెలలో పాలు తాగుతుంటే పాప నుదురంతా చెమట పట్టేది. నాలుగు గుక్కలు తాగి ఆయాసంతో వదిలేసేది. డాక్టరు చూసి గుండెలో చిల్లు ఉందన్నాడు. ఆపరేషన్ చేస్తే మామూలు పిల్లలా ఉంటుంది, అయితే ఇంకా కొంత బరువు పెరగాలి, ఇంత చిన్న ఒంటికి చేయలేం, వచ్చే వేసవి దాకా లాక్కురండి అన్నాడు. బావ కార్‌లో ఇంటికొస్తూ ఇదంతా తెలుగులో చెప్పాడు. నాకు ఒక్కటే అర్థమైంది. పాప బరువు పెరిగితే బతుకుతుంది.

ఇక నాకు వేరే పని లేదు. నేను తినేదంతా దానికోసమే తిన్నాను. మెంతులు, వెల్లుల్లి, నువ్వులు, పాలు పడతాయని ఎవరేం చెప్తే అది. తాగి అలసిపోతే కాసేపు ఆపి, పాదాలు గిల్లి లేపి, మళ్లీ పట్టేదాన్ని. మామ్మ మధ్యాహ్నాలు వచ్చి, "నువ్వు పడుకో, నా పిల్లను నేను చూసుకుంటాను" అని భుజాన వేసుకుని తిరిగేది. వాళ్ల భాషలో ఏదో పాడేది. చలికాలం వచ్చేసరికి పాప మెడ నిలిపింది. బుగ్గలు రాలేదు గాని కళ్లు పెద్దవయ్యాయి. ఏ గదిలోంచి బ్రోనా అన్నా అటు తల తిప్పేది. బావ ఆఫీస్ నుంచి రాగానే కోటు విప్పకుండానే తలుపు దగ్గర నుంచి పిలిచేవాడు. అది అటు తిరిగితేనే లోపలికి వచ్చేవాడు. ఒక్కోసారి కావాలని బయటికి వెళ్లి మళ్లీ పిలిచేవాడు. చదువుకున్న మనిషి.

డాక్టరు దగ్గర తూకం వేసినప్పుడల్లా ముల్లు కొంచెం కొంచెం జరిగేది. ఇంకొంచెం అనేవాడు డాక్టరు. వస్తుంది అనేదాన్ని నేను తెలుగులో, ఆయనకు అర్థం కాకపోయినా.

ఫిబ్రవరిలో జలుబు చేసింది. జలుబు రొమ్ములోకి దిగింది. హాస్పిటల్‌కి తీసుకుపోయాం. అక్కడ గాజు పెట్టెలో పెట్టారు. చెయ్యి పెట్టడానికి చిన్న కంత ఉండేది. అందులోంచి దాని పాదం పట్టుకుని కూర్చున్నాను. పిలిస్తే మొదటి రోజు తల తిప్పింది. తర్వాత కళ్లు మాత్రం తిప్పింది. ఒక మధ్యాహ్నం, బయట ఎండ బాగా కాస్తుండగా, పిలిచాను. ఏమీ తిప్పలేదు.

అంతకంటే రాయను.

పసిబిడ్డను కాల్చరు, పూడుస్తారు. మన ఊళ్లో అయితే ఎక్కడో అక్కడ చోటు ఉంటుంది. ఇక్కడ ఎక్కడ అడగాలో బావకు తెలియలేదు. అప్పుడు మాకు తెలిసిన తెలుగువాళ్లే తక్కువ, అందులో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఫోన్ ముందు కూర్చుని, ఎవరికి చేయాలో తెలియక, రిసీవర్ చేత్తో పట్టుకుని ఉన్నాడు. మామ్మ వచ్చి ఫోన్ తీసి పెట్టేసింది.

"మా ఆయన పక్కన నా చోటు ఉంది" అంది. "పెద్ద చోటే. పిల్ల అక్కడ ఉంటుంది. నా రోజు వచ్చినప్పుడు దాని పక్కనే సర్దుకుంటాను."

బావ వద్దన్నాడు. మీకెందుకు కష్టం, మేం వేరేవాళ్లం, మీ చర్చి వాళ్లు ఏమంటారో అన్నాడు.

"వేరేవాళ్లు ఎవరు? తవుడు పోసి కొన్నాను నేను. నువ్వే కదా అమ్మావు, ఎవరిదీ కాదని చెప్పి" అంది. గొంతు పెంచలేదు.

స్మశానం మనిషి మామ్మకు తెలిసినవాడే. రాయి చిన్నది పెడదాం, పేరు ఏమని చెక్కించాలి అని అడిగాడట. ఆ సాయంత్రం మామ్మ మా వంటింట్లో కూర్చుని నాకు చెప్పింది.

"ఇప్పుడు దాచాల్సిన పని లేదు కదా" అంది. "ఎవరూ దాన్ని ఇంకేమీ చేయలేరు. మంచి పేరు పెట్టుకో. వెలుగు ఉంది. నీవ్. అందం ఉంది, ఈఫా. లేకపోతే కీవా." ఒక్కొక్కటీ చెప్పి నా ముఖం చూస్తోంది. బేస్‌మెంట్‌లో బెంచీ మీద చెప్పినప్పుడు నోరూరించేలా చెప్పేది. ఇప్పుడు గొంతు తడిలేకుండా ఉంది.

బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "వెలుగు అన్నది పెట్టవే" అన్నాడు. "రాయి మీద దుఃఖం అని ఎందుకు? ఇన్నాళ్లూ భయపడి పెట్టుకున్నాం. ఇంక భయం ఏముంది?"

వాళ్లిద్దరూ చెప్పింది న్యాయమే. నీవ్ అని మనసులో అనుకున్నాను. అనుకుని, గాజు పెట్టె కంతలోంచి ఆ పేరుతో పిలిచినట్టు ఊహించుకున్నాను. ఎవరో వేరే పిల్ల.

"అది ఆ పేరుకే కదా బావా తిరిగేది" అన్నాను. "ఇప్పుడు ఇంకో పేరుతో పిలిస్తే, ఇంకెవర్నో అనుకుంటుంది. మనం కాదనుకుంటుంది."

బావ గోడవైపు తిరిగాడు. ఆయన భుజాలు కదలడం నేను మొదటిసారి చూశాను. మామ్మ లేచి వెళ్లి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆవిడ వయసుకీ, ఆయన ఎత్తుకీ, ఆ చెయ్యి సగం దాకే అందింది.

రెండు రోజుల తర్వాత పాపను అక్కడ పెట్టాం. మంచు తవ్వి, దాని కింద మట్టి తవ్వారు. ప్రార్థన ఏదీ పెట్టొద్దని మామ్మే వాళ్లకు చెప్పింది. నా చేత పిడికెడు మట్టి వేయించింది. బావ ఒకసారి పిలిచాడు, ఇంటి తలుపు దగ్గర పిలిచినట్టే. తర్వాత కార్‌లో ముగ్గురం ఇంటికి వచ్చాం.

మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం పాపకు పాలిచ్చే వేళకు మెలకువ వచ్చింది. రొమ్ములు రాళ్లయిపోయాయి, జాకెట్టు తడిసింది. వంటింట్లోకి వెళ్లి స్టీలు గ్లాసులోకి పాలు పిండాను. చనుబాలు తొక్కే చోట పోయకూడదంటారు. సింక్‌లో పోయడానికి చెయ్యి రాలేదు. బావ కోటు వేసుకుని గ్లాసు పట్టుకుని కిందికి దిగాను. ముందంతా కార్లు, దారంతా బూట్ల గుర్తులు. భవనం చుట్టూ తిరిగి, గోడకూ పొదలకూ మధ్య ఎవరూ నడవని సందు చూసుకుని, మంచును చేత్తో తవ్వాను. మట్టి కనిపించాక పాలు అందులో పోసి, మళ్లీ మంచు కప్పాను. పైకి వచ్చి, చేతులు పొయ్యి మంట దగ్గర కాచుకుని, బావ ఆఫీస్‌కి వెళ్లాలి కాబట్టి, అన్నానికి ఎసరు పెట్టాను.